చెల్లెలింటికి గట్టు దారి

కొత్తగా పోసిన కాంక్రీటు మీద గోనెపట్టాలు పరిచి నీళ్ళు చల్లుతుంటే ఒక వాసన వస్తుంది. సున్నమూ, తడిసిన జనపనారా, కాస్త ఏటి బురదా కలిసినట్టుంటుంది. ఈ ఉదయం అమలాపురంలో మా సైటు దగ్గర ఆ వాసన తగలగానే, పనివాళ్ళకు చెప్పాలనుకున్న నాలుగు విషయాల్లో మూడోది మరిచిపోయాను. సుభద్ర మేడమ్ గుర్తుకొచ్చారు.

సివిల్ డిప్లొమా పూర్తయ్యాక నేను మొదట చేరింది ఆవిడ దగ్గరే. కొత్తపేట దగ్గర మా ఊళ్ళో ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసు అదొక్కటే. చిన్నతనంలో పోలియో వచ్చి ఆవిడ రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. చక్రాల కుర్చీలో కూర్చునే గీసేవారు, కూర్చునే మేస్త్రీలతో దెబ్బలాడేవారు. నాకేమో ప్రతి పనికీ జాబితా రాసుకునే అలవాటు. ఆవిడ దాన్ని ఆసాంతం చదివి, "బాగుందయ్యా కిరణ్. ఇందులో మనుషులెక్కడున్నారు?" అనేవారు. ఒకసారి వంటింట్లో స్టవ్వు పెట్టే అరుగు ఎత్తు పుస్తకంలో ఉన్నట్టే వేస్తే, ఆ ఇంట్లో వండే పెద్దావిడ ఎంత పొడుగో కొలుచుకు రమ్మని పంపారు. టేపు పట్టుకుని ఆ పెద్దావిడ ముందు నిలబడ్డాక, కొలుస్తానని అడగలేకపోయాను. ఇచ్చిన కాఫీ తాగి వచ్చేశాను.

"అయితే కాఫీ ఎంత పొడుగుందీ?" అన్నారు మేడమ్. మళ్ళీ పంపారు.

ఏటిగట్టు మీద మా ఊరినుంచి పక్క ఊరిదాకా నడకదారి వేసేటప్పుడు డ్రాయింగుల పని మా ఆఫీసుకే వచ్చింది. ఒక ఊరి మైకు ఇంకో ఊళ్ళో వినబడేంత దగ్గర ఆ రెండు ఊళ్ళూ. మేడమ్ చెల్లెలు రమణగారిది ఆ పక్క ఊరే. అయినా అక్కడికి వెళ్ళాలంటే ఆటో మాట్లాడాలి, ఇద్దరు ఆవిడను ఎత్తి కూర్చోబెట్టాలి, కుర్చీ మడిచి వెనక కట్టాలి, అక్కడ మళ్ళీ దించాలి.

"ఈ వయసులో కూడా పెళ్ళికూతుర్ని బుట్టలో మోసుకెళ్ళినట్టు మోసుకెళ్తారయ్యా. ఒక్కసారి మా రమణ ఇంటికి నా అంతట నేను వెళ్ళాలి" అన్నారు. ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే మనిషి అప్పుడు నవ్వలేదు.

అందుకని ఆ దారిని నేను నా ఇల్లు కట్టుకున్నంత శ్రద్ధగా చూసుకున్నాను. గట్టెక్కే చోట పన్నెండు అడుగుల పొడవుకు ఒక అడుగు మించని ఎత్తు. వానలో జారని గరుకు. మోటారు సైకిళ్ళు రాకుండా పాతిన స్తంభాల మధ్య కుర్చీ పట్టేంత ఖాళీ. అన్నిటికీ టిక్కులు పెట్టుకున్నాను. దారి పూర్తయిన మొదటి ఆదివారం మేడమ్ బయలుదేరారు, వెనకాల నేను. ఎడమ పక్క గోదారి, కుడి పక్క కిందుగా అరటితోటలు.

అరటి గెలలు కట్టుకున్న సైకిలాయన ఎదురుపడి సైకిలు గట్టువార ఆనించేశాడు. "అయ్యబాబోయ్, మేడంగారు చేత్తో తోసుకుంటున్నారేంటండీ! నేనున్నానండీ."

"వద్దు బాబూ, నేనెళ్ళగలను."

"ఆయ్, ఎళ్ళగలరండీ, ఎందుకెళ్ళలేరూ" అంటూనే తోసేశాడు. కొంత దూరం పోయాక ఎదురొచ్చిన కుర్రాళ్ళకు అప్పగించాడు. వాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళకు అప్పగించారు. అందరిదీ ప్రేమే, ఒక్కరిని కసురుకోవడానికి లేదు. గుమ్మంలో రమణగారు, "ఎవరు తీసుకొచ్చేరే అక్కా?" అని అడిగారు. మేడమ్ వెనక నిలబడ్డ ఆడవాళ్ళ వైపు చెయ్యి చూపించారు.

తిరిగొచ్చాక అన్నారు: "నేను వెళ్ళలేదయ్యా. నన్ను పట్టుకెళ్ళేరు. నీ జాబితాలో మనవాళ్ళ మర్యాద రాసుకోలేదు నువ్వు."

కుర్చీ వెనక 'తోయవద్దు' అని బోర్డు పెడదామన్నాను.

"లారీకి రాసినట్టా? చదివి, అయ్యో పాపం అని ఇంకాస్త గట్టిగా తోస్తారు."

తర్వాతి ఆదివారం ఆవిడ ఒళ్ళో ఒక పనసకాయ ఉంది. కుర్చీకి గొడుగు, ఫ్లాస్కు, పచ్చడి జాడీ ఉన్న సంచీ వేలాడుతున్నాయి. నన్ను ఏదీ పట్టుకోనివ్వలేదు. గట్టు మీద మళ్ళీ ఆ సైకిలాయనే. ఆయన సైకిలు గట్టువార ఆనించి, కుర్చీ మీద చేతులు వేసేలోగా మేడమ్, "సమయానికొచ్చేవు బాబూ. కాస్త ఈ పనసకాయ పట్టుకుందూ, ఒళ్ళో గుచ్చుకుంటోంది" అన్నారు. ఆయన రెండు చేతులతో అందుకున్నాడు. ఇంక తోయడానికి ఏముంది? పక్కనే నడుస్తూ మేనకోడలి పెళ్ళి కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు. తర్వాత వచ్చినామెకు గొడుగు, ఆమె వెనకాల వచ్చిన పెద్దాయనకు జాడీ, ఒక కాలేజీ పిల్లకు ఫ్లాస్కు. "జాగ్రత్తండోయ్, నూనె కారుద్ది" అని పెద్దాయనకు హెచ్చరిక కూడా. చక్రాలు మాత్రం ఆవిడ చేతుల్లోనే ఉన్నాయి.

తూము దగ్గర దారి కిందికి దిగి మళ్ళీ ఎక్కుతుంది. ఎక్కుడు సగంలో కుర్చీ ఆగిపోయింది. ఆవిడ భుజాలు వణుకుతున్నాయి. కుర్చీ జానెడు వెనక్కి జారింది. ఖాళీ చేతులున్నది నాకొక్కడికే, అవి అప్పటికే ముందుకు చాచి ఉన్నాయి.

ఆవిడ వెనక్కి తిరక్కుండానే, "కిరణ్, నా కళ్ళజోడు పట్టుకో. చెమటకి జారిపోతోంది" అన్నారు.

తీసుకున్నాను. ఆవిడ ఊపిరి పీల్చుకుని ఒక తోపు తోశారు. ఆగారు. ఇంకో తోపు. పైకెక్కాక, "నీ ఏటవాలు సరిగానే ఉందిలే, నేనే ఇడ్లీలు ఎక్కువ తిన్నాను" అన్నారు. పనసకాయాయన అందరికంటే గట్టిగా నవ్వాడు.

గుమ్మంలో రమణగారు అలవాటుగా, "ఎవరు తీసుకొచ్చేరే అక్కా?" అన్నారు.

"ఎవరూ తీసుకురాలేదే. వీళ్ళంతా నాతో వచ్చేరు. కాఫీలు పెట్టు."

ఆ తర్వాత చాలా ఆదివారాలు ఆవిడ ఆ దారిన వెళ్ళారు. కొన్నాళ్ళకు పనసకాయ అవసరం కూడా పోయింది. జనం పక్కన నడవడానికి అలవాటుపడ్డారు. మేడమ్ ఇప్పుడు లేరు. నా జాబితాలు ఉన్నాయి, పొడుగవుతూనే ఉన్నాయి. కాని ప్రతిదానిలో మొదటి వరుస ఖాళీగా వదిలి, ఆ పనిని వాడబోయే మనిషిని కలిసి అడిగాకే నింపుతాను.

మొన్న మా నాన్నగారు మోకాలి ఆపరేషను తర్వాత మొదటిసారి వీధిలోకి అడుగుపెట్టారు. "చెయ్యి అందించరా, అలా చూస్తావేం?" అని అమ్మ కేకలేసింది. "పట్టుకోమంటారా నాన్నగారూ?" అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆయన దాహానికని తెచ్చుకున్న మంచినీళ్ళ చెంబు అందుకుని రెండు చేతులతో పట్టుకుని, ఆయన ఎంత నెమ్మదిగా నడిస్తే అంత నెమ్మదిగా పక్కనే నడిచాను.