గబుక్కున లేచిన ఫోమ్

ఎనిమిదేళ్ళుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. తిండి దిగుతూనే ఉంది, నవ్వు వస్తూనే ఉంది, దుకాణం నడుస్తూనే ఉంది. ఆ మాట మాత్రం కదల్లేదు. మా ఆవిడకు చెప్పలేదు. నమాజులో కూర్చున్నప్పుడు కూడా దాని పక్కనుంచి తప్పుకునే పోయాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

సారపాకలో నాకొక పరుపుల దుకాణం ఉంది. మా తాత, నాయన దూది ఏకి బతికినవాళ్ళు. అడవి ఊళ్ళ నుంచి వచ్చే బూరుగు దూదిని మా నాయన గుప్పిట్లో నొక్కి వదిలేవాడు. గబుక్కున పైకి లేస్తే మంచి దూది, నలిగినచోటే ఉండిపోతే పాతది. అంతే పరీక్ష. ఆ పరీక్షలో ఆయన తప్పగా నేను చూడలేదు. దూది పరుపులు అడిగేవాళ్ళు తగ్గిపోయాక నేను ఫోమ్ పెట్టాను. ఫోమ్ గురించి నాకేం తెలుసు? ఏమీ తెలియదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి మాత్రం మహా నామోషీ.

ఎనిమిదేళ్ళ కిందట ఎండాకాలంలో ఒకరోజు మా టీచరమ్మ వచ్చింది. బూర్గంపాడు బడిలో నాకు ఏడో తరగతి చెప్పినావిడ. ఆమె భర్త, మేమంతా సారు అనేవాళ్ళం, పక్షవాతం వచ్చి మంచం పట్టాడు. పాత పరుపు మీద మెమరీ ఫోమ్ పొర ఒకటి వేయమని, టాపర్ అంటారే, అది, డాక్టరు చెప్పాడట. యాభై డెన్సిటీకి తగ్గొద్దని చీటీ మీద రాయించుకుని మరీ తెచ్చింది. నా దగ్గర రెండే ఉన్నాయి. ఒకటి ముప్పై, ఒకటి యాభై. పొడవు, వెడల్పు, మందం అన్నీ ఒకటే, రెండూ తెల్లవే. చూపించడానికని కవర్లు విప్పినప్పుడు వాటి కాగితాలు ఎక్కడో పోయాయి. ఏది ఏదో నాకే తెలియదు.

తెలియదు టీచరమ్మా అని ఉంటే ఏం పోయేది? సరుకు పంపినవాడికి ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. కానీ చదువు చెప్పినావిడ ముందు, అదీ నా దుకాణంలో నిలబడి, ఆ మాట ఎట్లా అంటాను అనుకున్నాను. మా నాయన లాగానే రెండింటినీ అరచేత్తో నొక్కి వదిలాను. ఒకటి గబుక్కున లేచింది. రెండోది నా వేళ్ళ అచ్చును కాసేపు అట్టిపెట్టుకుని నింపాదిగా నిండింది. మొదటిదే యాభై అని చెప్పేశాను. దాన్ని ఒంటి చేత్తో ఎత్తి ఆమె ఆటోలో పెట్టాను.

పది రోజుల తర్వాత దుమ్ము దులుపుదామని మిగిలినదాన్ని ఎత్తబోతే రెండు చేతులూ కావలసి వచ్చాయి. అప్పుడు అనుమానం వచ్చి సరుకు పంపినవాడికి ఫోను చేశాను. డెన్సిటీ అంటే బరువే కదా భాయ్, ఒకే కొలతలో బరువుగా ఉండి నెమ్మదిగా లేచేదే యాభై అన్నాడు వాడు. దూది పరీక్షను ఫోముకు పెట్టాను నేను! ఆ మాత్రం తెలియడానికి అటకమీద కాటా కూడా ఉంది నాకు.

అప్పటికైనా బుద్ధి తెచ్చుకున్నాను, నమ్మండి. బరువుదాన్ని చుట్టి తాడు కట్టాను. పంపేలోపే టీచరమ్మ ఫోను. సారు హాయిగా పడుకుంటున్నాడట, మా నాయన చేయి నాకు వచ్చిందట. అంత మెచ్చుకున్నాక తప్పు ఇచ్చానని చెప్పడానికి మొహం చెల్లలేదు. తాడు విప్పేశాను.

వానలు పట్టాక ఆమే వచ్చింది.

"నాయినా, సారు నడుము కాడ గుంట పడుతున్నది. వీపంత ఎర్రగైంది. నువ్వు ఇచ్చింది యాభైదేనా?"

"అవ్ టీచరమ్మా, యాభైదే. పరుపుల ఏం లోపం లేదు. సారును అటు ఇటు మలుపుతున్నరా? గిట్ల ఒక్క తీరుగ పండబెడితే ఏ పరుపైనా గంతే."

ఆమె చిన్నగా చెప్పింది.

"రెండు గంటలకోసారి మలుపుతనే ఉన్న. ఒక్కోసారి కన్ను మూతపడుతది నాయినా."

ఆ మాటను పట్టుకున్నాను నేను. గదే మరి, అన్నాను. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది.

సారుకు పుండ్లు పడ్డాయి. భద్రాచలం దవాఖానా చుట్టూ తిరిగారు. ఆ మరుసటి ఏడు రెండోసారి పక్షవాతం వచ్చి ఆయన పోయాడు. సరైన ఫోమ్ వేసినా పుండ్లు పడేవేమో. ఆ 'ఏమో' మీద ఆనుకునే ఇన్నేళ్ళు గడిపాను. అయినా ఫోమ్ మారడం పొరపాటు, పొరపాటు ఎవరైనా చేస్తారు. తెలిసి తెలిసి, అలిసిపోయిన మనిషి నెత్తిన దాన్ని పెట్టడాన్ని ఏమంటారు? నేను ఏ పేరూ పెట్టలేకపోయాను.

పోయిన నెల దమ్మపేట నుంచి ఒకావిడ మంచంలో ఉన్న తల్లి కోసం టాపర్ కొనడానికి వచ్చింది. దిండు గలీబుల కోసం వచ్చిన టీచరమ్మ అక్కడే కూర్చుని ఉంది. నేను రెండు ఫోమ్ ముక్కలనూ కాటా మీద పెట్టి తేడా చూపిస్తుంటే ఆమె ఆ మనిషి చేయి పట్టుకుంది.

"ఏ పరుపన్నా తీస్కో బిడ్డా, మీ అమ్మను మాత్రం మలుపుతుండాలె. నేను కునుకు తీసిన. మా సారుకు పుండ్లు నా వల్లనే అయినయి."

నా పక్కనే, మూడడుగుల దూరంలో అంది. నేను కాటా మీది ముక్కను తీసి, మళ్ళీ పెట్టాను.

మీరు క్షమిస్తారని ఇది రాయలేదు. క్షమించాల్సింది మీరు కాదు. ఆమెకు చెబుతానో లేదో కూడా నాకు తెలియదు, చెబుతానని ఇక్కడ రాసి మళ్ళీ గొప్పకు పోదలచుకోలేదు. ఇంతవరకు రాసేసరికి మాత్రం ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. టీచరమ్మ ఒక్కోసారి కునుకు తీసి ఉంటుంది. కానీ సారు వీపు కింద ఉన్నది ముప్పై ఫోమ్. ఆమె నన్ను అడిగిన రోజున అది నాకు తెలుసు.