రెండు నున్నటి పుల్లలు

ఆడపిల్లకు విల్లేమిటని మా అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. తాత వింటేగా! వెదురు బద్దను సెగకు వంచి, పట్టు పోగుల తుక్కు పేని తాడు కట్టి, నా ఎనిమిదేళ్ల చేతికి సరిపోయే విల్లు చేశాడు. రెండు వేళ్లతో లాగినా వంగేది. చూపు బొత్తిగా పోయిన మనిషి చేసిన విల్లు అది. ధర్మవరంలో యాభై ఏళ్లు మగ్గం గుంటలో కూర్చుని పట్టుచీరలు నేసి, కళ్లు అక్కడే పోగొట్టుకున్నాడు.

విల్లు కుదిరింది గానీ బాణాలు కుదరలేదు. జొన్న దంట్లు తెస్తే గాలికి ఎటో పోయాయి. కంది కట్టెలు కోసుకొచ్చాను. తాత వాటిని ఒక్కొక్కటే బండ మీద దొర్లించి చెవి పెట్టి వినేవాడు. టకటకమని చప్పుడైతే వంకర ఉన్నట్టు. తర్వాత వేలి మీద నిలబెట్టి బరువు చూసేవాడు, రెండు కొసలూ పట్టి కొంచెం వంచేవాడు.

"దీనికి బిరుసెక్కువ పాపా. నీ విల్లు మెత్తంది. మొండి కట్టె పెడితే దాని మాట ఇనదు, పక్కకు పోతాది. రోంత వంగే పుల్ల కావాల, నున్నగుండాల."

ఇరవై కట్టెలు తెస్తే ఇరవయ్యీ పారేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

యుద్ధం రోజులవి. పట్టంతా విమానాల్లోంచి దూకే సిపాయిల గాలిగొడుగులకు పోతోందని చెప్పుకునేవాళ్లు. మూడు నెలలు ఉత్తదిగా పడి ఉన్న మా మగ్గానికి ఎట్లాగో ఒక పడుగు దొరికింది. పడుగంటే చీర పొడవునా పోయే పోగులు, వేలకొద్దీ ఉంటాయి. ఒక పోగు పైకి, ఒక పోగు కిందికి వచ్చేట్టు వరస కట్టి, ఆ వరస చెదరకుండా మధ్యలో మూరెడు పుల్లలు రెండు గుచ్చుతారు. అవి ఉంటేనే ఏ పోగు తర్వాత ఏ పోగో తెలిసేది.

చూపు పోయినా తాత చేతులు ఊరుకునేవి కావు. మగ్గం దగ్గరికి పోయి తడిమేవాడు. మగ్గం ఇంకా ఆడుతున్న రోజుల్లో ఒకసారి అట్లా పోతూ నీళ్ల చెంబు తన్ని, నేసిన చీరంతా తడిపేశాడు. నాయన ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"ఇంగొకతూరి పని మింద చెయ్యేస్తే హిందూపురంలో అక్కింటికి పంపిచ్చేస్తా నాయనా, చెప్తాండా!"

కూతురింట్లో కూర్చుని తినడమంటే తాతకు చావుతో సమానం. పెళ్లి చేసి పంపిన ఇంట్లో మంచినీళ్లు తాగడానికే సిగ్గుపడే మనిషి. "అంత మాట అనొద్దురా" అన్నాడు, అంతే. ఆ రోజు నుంచి చేతులు ఒళ్లో పెట్టుకుని గోడకానుకుని ఉండేవాడు. నా బాణాలు ఏరడమొక్కటే ఆ చేతులకు మిగిలిన పని.

పడుగు వచ్చిన మర్నాడు నాయన బజారుకు పోయాడు, అమ్మ నీళ్లకు పోయింది. మేకుకు వేలాడుతున్న పడుగు కట్టలో ఆ రెండు పుల్లలు నా కంట పడ్డాయి. చిటికెన వేలంత లావు, చేతులు తగిలి తగిలి నునుపెక్కినవి. నేసేవాళ్ల ఇంట పుట్టినదాన్ని, అవి ఎందుకున్నాయో తెలియక కాదు. తాతకు చూపించి మళ్లీ అదే సందులో పెట్టేద్దాంలే అనుకున్నాను. నా పాడు బుద్ధి! ఊపిరి బిగబట్టి, మెల్లమెల్లగా రెండూ లాగాను. నేనటు తిరగగానే కట్ట జారి నేల మీద పడి విడిపోయింది. వెనక్కి తిరిగి చూడనైనా లేదు, పరుగున పోయి పుల్లలు తాత చేతిలో పెట్టాను.

"వీటికి వంక పెట్టు తాతా, చూద్దాం!"

తాత దొర్లించలేదు, వంచలేదు. వేళ్లతో ఒక్కసారి తడిమాడు. అవి వయసులో ఉన్నప్పుడు తాతే చెక్కుకున్న పుల్లలు. ముఖం పాలిపోయింది.

"యాడివి పాపా ఇవి?" అన్నాడు గొంతు తగ్గించి.

నేను నోరు తెరిచేలోగా నాయన గడప దాటి లోపలికొచ్చాడు. నేల మీద పడుగును చూశాడు. తాత చేతిలో పుల్లలు చూశాడు.

"ఎంత పని జేస్తివి నాయనా!"

తాత నావైపు ముఖం కూడా తిప్పలేదు. "నేనే పెరికినా. చేతులు ఊరుకోలేదురా" అన్నాడు.

నేను మాట్లాడలేదు. భయమేసింది, అంతే. మర్నాడు నాయన తాతను బెంగుళూరు రైలెక్కించి హిందూపురంలో దించి వచ్చాడు. బయల్దేరేటప్పుడు తాత నా తల నిమిరి, "కంది కట్టెలే తెచ్చుకో పాపా, లేతవి" అన్నాడు.

పది రోజులు నాయనా అమ్మా పోగులు ఏరారు. ఏరేకొద్దీ చిక్కు పెరిగింది. చెదిరిన వరసను వేళ్లతో తడిమి మళ్లీ కట్టగలిగినవాడు మా వీధిలో తాత ఒక్కడే. చివరికి నాయన రోషం చంపుకుని, పిలుచుకొస్తానని రైలెక్కాడు. నాకెంత సంతోషమైందో చెప్పలేను. కంది కట్టెలు మళ్లీ కోసి పెట్టుకున్నాను.

పన్నెండు రోజులకు నాయన గుండుతో తిరిగొచ్చాడు. అత్త ఇంట్లో తాత ముద్ద ముట్టలేదట. నాయన అక్కడికి చేరేసరికే మాట పడిపోయిందట.

కాళ్లయినా కడుక్కోకుండా నాయన పడుగు దగ్గర కూర్చున్నాడు. పోగులు చేతిలోకి తీసుకుని కొసదాకా చూసుకుంటూ పోయాడు.

"ఒక్క పోగు గూడా తెగలేదు" అన్నాడు అమ్మతో. "చూపు లేనోడు పెరికింటే ఎన్ని తెగుండాల?"

నాయన గోడకున్న నా విల్లును చూశాడు, తర్వాత నన్ను చూశాడు. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే ఎంత బాగుండేది! గుండు మీద రెండు చేతులూ పెట్టుకుని, "అన్యాయం జేస్తిని నాయనా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చేసింది నేను. ఆ మాట నాయనకు అప్పుడూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు.