అడవి మట్టిలో మసి

మా మేడం పోయారని మదనపల్లె నుంచి ఫోను వచ్చేసరికి నేను కుప్పంలో క్లాసుకు వెళ్తున్నాను. పాఠం చెప్పలేకపోయాను. పిల్లల్ని పంపించేసి బస్సెక్కాను.

నా పరిశోధనకు ఆవిడే గైడు. పుంగనూరు పక్క అడవిలో మట్టి తీసి, అందులో చేరిన పొగ విషాలు ఎక్కడివో తేల్చడం మా పని. కట్టెలు కాలితే మట్టిలో ఒక రకం గుర్తులు మిగులుతాయి. డీజిల్‌కు ఇంకో రకం, టైర్లకు మరో రకం. అడవికి నిప్పు పెడుతున్నారని అప్పటికే ఫారెస్టువాళ్లు మేకలు కాసేవాళ్లను లోపలికి రానివ్వడం లేదు. మేడం మాత్రం ఎండుటాకులు పక్కకు తీసి, స్టీలు గరిటెతో మట్టిని గాజు సీసాలోకి ఎత్తుతూ, "ఎవురి పొగో తెలీకుండా ఎవురినీ అనొద్దమ్మా," అనేవారు.

ఫలితాలు వచ్చిన రోజు ఆవిడ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. మట్టిలో ఎక్కువగా ఉన్నది టైర్ల మసి. ఆ చుట్టుపక్కల టైర్లు కాల్చేది అడవి అంచునున్న ఇటుక బట్టీల్లోనే. ఆ బట్టీలు ఆవిడ సొంత అన్నయ్యవి. తండ్రి లేని ఇంట్లో చెల్లెల్ని చదివించింది ఆయనే.

"ఇంకోసారి సూద్దామా మేడం?" అన్నాను.

"సూడు. మారదులే."

మళ్లీ చూశాను. మారలేదు.

రిపోర్టు పంపే ముందు ఆవిడే పుంగనూరు వెళ్లి అన్నకు చెప్పారు. నేను వాకిట్లో కూర్చున్నాను. "నిన్ను సదివించింది ఇందుకా?" అని ఆయన అనడం వినబడింది. "నువ్వు సదివించినావు కాబట్టే అబద్ధం రాయలేనన్నా," అన్నారు మేడం.

అధికారులు బట్టీలు మూయించారు. మేకలు మళ్లీ అడవిలోకి వెళ్లాయి. అన్నాచెల్లెళ్లకు మాటలు లేకుండా పోయాయి. ఆ తర్వాత పుంగనూరు మీదుగా బస్సులో వెళ్లేటప్పుడు ఆవిడ కిటికీ పక్క సీటు నాకిచ్చి, తల వంచుకుని కూర్చునేవారు.

మదనపల్లెలో మేడం ఇంటి గేటు బయట వాళ్లన్న కనిపించారు. బాగా ముసలివారయ్యారు.

"లోపలికి రాండి సార్," అన్నాను.

"నా మాట ఎప్పుడన్నా ఎత్తిందామ్మా?"

"అడవిలో కొండెక్కినప్పుడంతా, ఎక్కేది మా అన్నే నాకు నేర్పించినాడని చెప్తా ఉండిరి సార్."

ఆయన తలూపారు. లోపలికి రాలేదు. మేడంని తీసుకెళ్లేటప్పుడు ఆడవాళ్లం గేటు దగ్గరే ఆగిపోయాం. మిట్టమధ్యాహ్నం. తారురోడ్డు మీద అందరికన్నా వెనక, దూరంగా, చెప్పులు చేత్తో పట్టుకుని ఆయన ఒక్కరే నడిచి వెళ్తున్నారు.