పెద్దాయన్ని పిలవండి

చావింట్లో భోజనానికి కూర్చుని, చనిపోయిన మనిషి ఫోటో ఎదురుగానే, "పెద్దాయన్ని ఒకసారి పిలవండి, నేనొచ్చినానని చెప్పండి" అని కేక వేసిన ఘనుడు మా నెల్లూరు జిల్లా మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ నేనే. ఈ సంగతి పైకి చెప్పుకోవడానికి నాకు పాతికేళ్లు పట్టింది. మీరు నవ్వుకోండి, అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు. ఇప్పటికీ సగమే వస్తుంది.

తొంభైల చివరి మాట. నేనప్పుడు ఉదయగిరిలో ఒక ట్యుటోరియల్లో లెక్కలు చెప్పేవాణ్ని. ఇరవై ఆరేళ్లు, పెళ్లి కాలేదు, పని తక్కువ, నోరు ఎక్కువ. ఎవరింట్లో ఏది తిన్నా దానికి మార్కులు వేయడం నా రోగం. "చారులో ఇంగువ ఆలస్యంగా పడింది", "ఈ వంకాయ నిన్నటిది" అంటూ చదువుకున్న వైద్యుడిలా చెప్పేవాణ్ని. మా అమ్మ విసిగిపోయి, "వీడికి పెండ్లి చేస్తే ఆ పిల్ల మూడోనాటికే పుట్టింటికి బస్సెక్కుతాది" అనేది.

ఆ రోజుల్లోనే మా వీధికి కేబుల్ టీవీ వచ్చింది. ఆదివారం పొద్దున ఒక ఛానల్లో ఊరూరా తిరిగి చిన్న హోటళ్లు చూపించేవాళ్లు. ఒకమ్మాయి వచ్చి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, "అబ్బ!" అనేది. ఆ ఒక్క "అబ్బ"తో ఆ హోటలు జాతకం మారిపోయేది. ఒకే నెలలో మా వైపు హోటళ్లు మూడింటిని చూపించారు. దుత్తలూరులో కారం దోసె. వింజమూరులో నాటుకోడి పలావు. ఆత్మకూరులో దేవదానం అనే పెద్దాయన హోటలు, ఆయన పొట్టేలు తలకాయ పులుసు. నల్లటి సట్టిలోంచి ఆవిర్లు లేస్తుంటే, నెరిసిన మీసాలతో పెద్దాయన గరిటె పట్టుకుని నిలబడ్డాడు. అమ్మాయి రెండుసార్లు "అబ్బ" అంది. అంతకుముందు ఎవరికీ రెండోసారి అనలేదు.

ఇక నాకు నిద్ర పట్టలేదు. నా స్నేహితుడు మస్తాను దగ్గరికి పోయాను. వాడు చెక్క గరిటెలు, చెంచాలు చెక్కేవాడు. వాడికొక పాత స్కూటరు ఉండేది.

"ఒకే దినంలో మూడు హోటళ్లు చుట్టేద్దాంరా" అన్నాను.

"మూడు పూటలా తిండి కోసం అంత దూరమా? మీ ఇంట్లో పొయ్యి లేదా?" అన్నాడు. అయినా వచ్చాడు. నా స్నేహితుడైన పాపానికి వాడికి తప్పలేదు.

దుత్తలూరులో ఏ హోటలో వెతుక్కోనక్కర లేకపోయింది. "టీవీలో చూపిన హోటల్" అని ఎర్రరంగుతో బోర్డు రాసుకున్నారు. దాని పక్కన కొత్తగా ఇంకో బోర్డు: "టీవీలో చూపిన హోటల్ పక్క హోటల్". మొదటిదాంట్లో జనం క్రిక్కిరిసి ఉంటే రెండోదాంట్లో తిన్నాం. దోసె బాగానే ఉంది. పక్కదాంట్లో ఎంత బాగుంటుందో అన్న దిగులుతో నాకది రుచించలేదు.

వింజమూరులో మా పరువు పోయింది. హోటలాయన గల్లాపెట్టె దగ్గర నుంచి మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"టీవీ చూసి వచ్చినారా?"

"అవును. నాటుకోడి పలావు..."

"అది టీవీవోళ్లు వచ్చిన దినం చేసినాం. రోజూ చేసేది పప్పన్నమే. తింటారా?" అని, లోపలికి తిరిగి, "టీవీ గిరాకీ ఇద్దరు! కొంచిం కొంచిం పెట్టండి, వీళ్లు చూసేదానికే వస్తారు" అని కేక వేశాడు. తినేవాళ్లంతా తలలెత్తి మమ్మల్ని చూసి నవ్వారు. మస్తాను పప్పన్నం శుభ్రంగా తిన్నాడు. నేను అవమానం తిన్నాను.

స్కూటరెక్కుతూ శపథం చేశాను. "ఆత్మకూరులో టీవీ మాటే ఎత్తను. పదేళ్ల నించి అక్కడ తింటన్నానని చెప్తా."

"అబద్ధమెందుకురా? ఆకలైతే తిను, లేకుంటే లే" అన్నాడు మస్తాను. ఇంత చిన్న మాట ఆ రోజు నా తలకెక్కి ఉంటే ఈ కథే లేదు.

ఆత్మకూరు పొలిమేరలో స్కూటరు పంచరయింది. వాడు పంచరు షాపు దగ్గర ఆగిపోయాడు. నేను ఆగలేక నడిచి ముందుకు పోయాను.

హోటలు ముందు షామియానా వేసి ఉంది. బల్లలు వరసగా వేసి, నిండా జనం. టీవీ మహిమ అంటే ఇదీ అనుకున్నాను. వడ్డించే ఆడవాళ్లంతా తెల్లచీరలు కట్టుకుని ఉన్నారు. యూనిఫారం పెట్టినట్టున్నారే అని మెచ్చుకున్నాను. గుమ్మం పక్కన దేవదానం గారి ఫోటో పెద్దది పెట్టి, పూలదండ వేశారు. టీవీలో వచ్చినందుకు ఊరివాళ్లు సన్మానం చేశారనుకున్నాను. లెక్కలు చెప్పేవాణ్ని కదా, కనబడ్డ అంకెలన్నీ సరిగ్గానే తీసుకుని, కూడిక మాత్రం తప్పు చేశాను.

ఒక ముసలాయన, "రా నాయనా, కూచో" అని తన పక్కన చోటిచ్చాడు. "పెద్దాయన్ని ఎరుగుదువా?"

"ఎరగడమా?" అన్నాను, నలుగురికీ వినబడేట్టు. "పదేళ్ల నించి ఇక్కడే తింటన్నా. ఆయన చేతి పులుసు పడకపోతే నాకు ఆదివారం గడవదు."

ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. "ఆ చెయ్యి ఇంక యాడ దొరుకుతాది నాయనా" అన్నాడు. నా మాటకు ఇంత బలముందా అని నాకే ముచ్చటేసింది.

ఆకులో సంగటి పెట్టి, గుంట చేసి పులుసు పోశారు. టీవీ అమ్మాయిలాగే కళ్లు మూసుకుని ముద్ద మింగాను. నిజం చెప్పాలంటే అంత మంచి పులుసు నేను ముందెన్నడూ తినలేదు. కానీ పదేళ్ల గిరాకీ అన్నాక ఊరికే బాగుందంటే ఏం గొప్ప? కళ్లు తెరిచి, మొహం ముడిచి, గొంతు పెంచాను.

"ఏందిది? ఇది పెద్దాయన చేతి పులుసు కాదే! ఏదో తక్కువైంది. పెద్దాయన్ని ఒకసారి పిలవండి, నేనొచ్చినానని చెప్పండి!"

అందరి చేతులూ ఆకుల మీద ఆగిపోయాయి. అప్పుడే మస్తాను పరుగున షామియానా కిందికి వచ్చాడు. పంచరు షాపులో వాడికి సంగతంతా తెలిసిపోయింది. దూరం నుంచే ఫోటో వైపు చెయ్యి చూపించి, తరవాత వేలు పైకి చూపించాడు. షామియానాకు వేలాడే ఫ్యాను కిందికి రమ్మంటున్నాడనుకున్నాను.

"ఇక్కడ గాలి బాగానే ఉండాదిలేరా" అన్నాను.

వాడు నెత్తి కొట్టుకున్నాడు.

వంటింట్లోంచి ఒకావిడ వచ్చింది. యాభై దాటిన మనిషి, తెల్లచీర, చేతులకు పసుపూ కారమూ. దేవదానం గారి భార్య రూతమ్మ. నా ముందు నిలబడి నెమ్మదిగా చెప్పింది.

"ఆయన లేడు నాయనా. పదిదినాలాయె ప్రభువు దగ్గరికి పోయి. ఈ దినం ఆదరణ కూడిక. ప్రార్థన అయిపోయి భోజనాలు పెడతన్నాం."

నేను లేచి నిలబడ్డాను. కాళ్లు నాకు చెప్పకుండా వాటంతట అవే లేచాయి. వెనక్కి తిరగబోతుంటే ఆమె నా ఎంగిలి చేతినే పట్టుకుంది.

"పోబాకు. పదిదినాల నించి నేను వండింది తిని అందరూ బాగుందనే అంటన్నారు. నా మొహం చూసి అంటన్నారని నాకు తెలుసు. నువ్వొక్కడివే ఉండేది ఉన్నట్టు చెప్పినావు. సోమారం హోటలు తెరవాల. ఏం తక్కువైందో చెప్పు నాయనా, దిద్దుకుంటా."

ఆ కళ్లలో కోపం ఉంటే తట్టుకునేవాణ్ని. కోపం లేదు. పరీక్షలో తప్పిన పిల్ల మాస్టరు దగ్గరికి వచ్చి అడిగినట్టు అడిగింది.

ఇంతలో ఆమె మరిది సుందరరావు ముందుకొచ్చాడు. "విన్నావా వదినా? నేను చెప్తే నీకు ఎక్కలేదు. పదేళ్ల గిరాకీ చెప్తన్నాడు, ఇది అన్న చెయ్యి కాదని. ఇంక నీ వల్ల యాడవుతాది? హోటలు ఎవరికన్నా అద్దెకిచ్చేసి ఇంట్లో కూచో."

వరసల్లో ఇద్దరు ముగ్గురు పెద్దలు తలలూపారు. రూతమ్మ నా చేతిని వదిలేసింది.

ఎన్నో అబద్ధాలాడాను జీవితంలో. ఒక్క అబద్ధం ఒక మనిషి పొయ్యిని ఆర్పేంత పని చేస్తుందని అప్పటిదాకా తెలియదు. మస్తాను నా పక్కకు వచ్చి, "చెప్పరా" అన్నాడు, అంతే.

"అమ్మా, నేను పదేళ్ల గిరాకీని కాదు" అన్నాను. "ఈ గడప తొక్కడం ఇదే మొదలు. పెద్దాయన చేతి పులుసు నా నోట పడలా. టీవీలో చూసి వచ్చినా. గొప్ప కోసం అట్ట అన్నా."

"మరి ఏదో తక్కువైందంటివే?"

"టీవీలో ఆవిర్లు వచ్చినాయమ్మా. ఆకులో రాలేదు. అంతకు మించి నాకేం తెలీదు. పులుసు చాలా బాగుండాది."

నన్ను కొట్టడానికి కనీసం నలుగురు లేచారు. ముసలాయనైతే కర్ర కోసం వెతికాడు. రూతమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి. టీవీలో చూసినావా? టీవీవోళ్లు వచ్చిన దినం పులుసు చూసే వచ్చినావా?"

"అవునమ్మా."

ఆమె ఫోటో వైపు కాసేపు చూసింది. "ఆ దినం ఆయనకి జొరం. లేవలేక పోయినాడు. ఆ పులుసు చేసింది నేను. టీవీవోళ్లు వచ్చేసరికి లేచి, చొక్కా తొడుక్కుని, గరిటె పట్టుకుని నిలబడినాడు. ఆ జొరంతోనే మంచమెక్కినాడు. ఎవురికీ చెప్పబాకే, నవ్వుతారు అన్నాడు. నేను చెప్పలా."

సుందరరావు తన ఆకులోని పులుసు వైపు కొత్తగా చూశాడు. టీవీలో ఆ పులుసు చూసి, మా అన్న చెయ్యి అని ఊరంతా చెప్పుకుని తిరిగినవాడు ఆయనే. మళ్లీ అద్దె మాట ఎత్తలేదు. కూర్చుని, "ఇంకొంచిం పులుసు పొయ్యి వదినా" అన్నాడు.

నన్నూ కూర్చోబెట్టి ఆకు ఖాళీ అయ్యేదాకా కదలనివ్వలేదు ఆమె. వచ్చే దారంతా మస్తాను ఒక్క మాటా మాట్లాడలేదు. వాడు తిట్టి ఉంటే బాగుండేది.

సోమవారం హోటలు తెరిచారని తెలిసింది. ఆ తరవాతి ఆదివారం ఇద్దరం మళ్లీ వెళ్లాం, ఈసారి నిజంగా గిరాకీగా. ఆ రోజు పులుసులో ఉప్పు ఎక్కువైంది. మామూలుగా కాదు, మైపాడు సముద్రంలో మునిగి నోరు తెరిచినట్టు. నోరెత్తితే ఒట్టు. రెండోసారి వేయించుకుని మరీ తిన్నాను. చెయ్యి కడుక్కునే చోట రూతమ్మ పులుసు గరిటెతో నిలబడి ఉంది.

"ఎట్టుండాది?"

"చాలా బాగుండాదమ్మా."

ఆమె గరిటెలోంచి ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకింది. మొహం అదోలా పెట్టింది.

"ఏందిరా ఇది? ఆ దినం బాగున్నదాన్ని బాగలేదని ఊరంతా వినబడేట్టు అరిచినావు. ఈ దినం నోట పెట్టలేనిదాన్ని బాగుండాదంటావు. నువ్వు నిజం చెప్పేది ఎప్పుడురా?"

మస్తాను ఆ వారంలో మొదటిసారి నవ్వాడు. బల్ల మీద తల పెట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. రూతమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

కాబట్టి, అయ్యలారా, అమ్మలారా, మీ అందరి సాక్షిగా చెబుతున్నాను. తినబోతూ రుచి అడగరాదని పెద్దలన్నారు. తినకుండా రుచి చెప్పరాదని నేను కలుపుతున్నాను. తిన్నాక దాచరాదన్నది రూతమ్మ తీర్పు. ఈ ప్రాణం ఉన్నంతవరకు, ఏ ఇంట, ఏ హోటల్లో ఆకు ముందు కూర్చున్నా, మొదట మింగుతాను. ఆ తరవాతే మాట్లాడతాను.