వీపు మీద అమ్మ వేలు

మా కోడలు ఎమ్మిగనూరు బజారులో కొన్న కొత్త పేకముక్కలను విప్పగానే రంగు వాసన ముక్కుకు తగిలింది. నా చిన్ననాటి ముక్కలకైతే ఉగాది ఓళిగల నెయ్యి, తాత వేళ్ల పొగాకు కలిసిన జిడ్డు వాసన ఉండేది.

"కుదురుగా కూసో అత్తా" అంటుంది కోడలు. ఎట్లా కూర్చోను? ముక్కలు చేతికొస్తే నా వీపు ఊరుకోదు.

ఆదోని దగ్గరి మా పల్లెలో ఏడాదికొక్కసారి, ఉగాది మధ్యాహ్నం, వేపపూత రాలే పంచలో ఆడవాళ్లు కూడా పేక పట్టేవాళ్లు. మాది ఇరవై ఎనిమిది ఆట. ఇన్ని పాయింట్లు తెస్తామని రెండు జట్లూ పాట పెంచుకుంటూ పోవాలి, ఎక్కువ పాడినవాళ్లదే తురుపు, అన్నీ తేలేకపోతే ఓటమి. అవ్వ, అమ్మ ఒక జట్టు. తాత, చిన్నాయన ఇంకొకటి. మామ ఎదుట కోడలు నోరు విప్పకూడదు గనుక, ముసుగేసుకున్న అమ్మ ముందర కూర్చుని ఆమె పాట నేను చెప్పేదాన్ని. వీపు మీద వేలితో పొడిస్తే ఒకటి పెంచాలి, అరచెయ్యి ఆనిస్తే చాలించాలి. ముసలితనంలో అక్షరాలు నేర్వకముందు నాకు వచ్చిన చదువు అదొక్కటే.

ఒక ఏడాది అమ్మ మనసంతా చిప్పగిరిలోని పుట్టింటి మీదే ఉంది. అవ్వ చేత అడిగించినప్పుడల్లా తాత పత్తికట్టె పీకాలనో, శనక్కాయలు ఒలవాలనో అడ్డం పెట్టేవాడు. చివరి ఆటకు ముందు మాత్రం, "ఇది గెలిస్తే పంపుతాలే" అని నవ్వినాడు.

తాత పద్దెనిమిది అన్నాడు. వేలు పొడిచింది, పంతొమ్మిది అన్నాను. ముక్కలైనా చూడకుండా ఇరవై అన్నాడు. మళ్లీ పొడిచింది, ఇరవై ఒకటి. ఇరవై రెండు, అన్నాడు తాత. అమ్మ ఊపిరి నా మెడకు వేడిగా తగులుతోంది, నేను కూర్చున్నచోట నిలవలేకపోతున్నాను. వేలూ రాలేదు, అరచెయ్యీ రాలేదు.

"ఏమే, నోరు పడిపాయనా?" అన్నాడు చిన్నాయన.

"ఇరవై ఐదు."

అన్నది నేను కాదు. ముసుగులోంచి అమ్మ.

అవ్వ నములుతున్న ఓళిగ నోట్లోనే ఆగిపోయింది. తాత అప్పుడు చూసుకున్నాడు తన ముక్కలను, చాలాసేపు చూసి, "నాకొద్దు" అన్నాడు. ఒక్కొక్కటి పెంచితే ఆయన వెంటబడుతూనే ఉంటాడు, ఒక్కసారిగా దూకితేనే ఆగుతాడు. ఆ దూకుడుకు మా దగ్గర గుర్తు లేదు. అదేపనిగా పొడిచినా నేను గిలిగింతలనుకొని నవ్వి ఉందును.

అమ్మ ఈ ఆటలో అన్నిటికన్నా పెద్దదైన జాకీని, ఇస్పేటుది, వేసింది, దాని వెనకే దాని తర్వాతి పెద్దదైన తొమ్మిది వేసింది, చివరి ముక్క పడేసరికి పాడినన్ని పాయింట్లూ మావే. తాత అవ్వవైపు తిరిగి, "పొద్దున బస్సుకు పంపు. ఇంత గొంతు ఇన్నాళ్లు యాడ దాసిపెట్టినాదే?" అన్నాడు.

"నువ్వెప్పుడన్నా అడిగితివా?" అంది అవ్వ.

చిప్పగిరి దాకా బస్సులో అమ్మ ఆపకుండా మాట్లాడింది.

ఆ పంచ లేదు, ఆ ఉగాది పేకాటా లేదు. ముసుగు పోయింది, పోనీ. "పాడు అత్తా, ఎంతసేపు సూస్తావు?" అని కోడలు ఎదురుగానే నన్ను దబాయిస్తుంది. పాడతాను. కానీ నోరు విప్పేముందు, వీపు నిటారుగా పెట్టి, ఒక్క క్షణం ఆగుతాను.