కాలరక్క తీపులు

చొక్కా వేసుకునేవాళ్ళకు చొక్కా అంటే ఒక్క చొక్కానే. ఆ ఫ్యాక్టరీలో మాత్రం చొక్కా అంటే ముప్పై రెండు పనులు, ముప్పై రెండు మిషన్లు, వాటి ముందు వరసగా ముప్పై రెండు వంగిన వీపులు. ఒకామె జీవితమంతా జేబులు కుడుతుంది. ఒకామె కాజాలు తీస్తుంది. పందొమ్మిదేళ్ళుగా కాలరు తప్ప మరో ముక్క ముట్టని మనిషిని అందరూ కాలరక్క అనేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఊళ్ళో మగమహారాజులు ఎగరేసుకుని తిరిగే కాలర్లన్నీ ఆమె సూది కింద నుంచి వచ్చినవే. వాళ్ళ మెడలు అంత నిక్కి ఉండాలంటే ఎవరో ఒకరి మెడ వంగి ఉండాలి కదా. వంగింది. వెన్ను ఆన్చుకునే వీలులేని గుండ్రటి ఇనప స్టూలు, దానికీ మిషను బల్లకీ పొంతన లేని ఎత్తు. ఆ బల్ల ఎవరి కొలతలకు చేశారో గానీ, ఆ ఆసామి ఆ హాల్లో మాత్రం ఎన్నడూ కూర్చుని ఉండడు.

ఏడేళ్ళ కిందట మెడలో మొదలైన నొప్పి భుజం దిగి మోచేయి దాకా వచ్చింది. ఎముకల డాక్టరు చూశాడు, నరాల డాక్టరు చూశాడు. ఇద్దరూ స్కాను తీయించి, "ఇందులో ఏమీ లేదమ్మా" అన్నారు.

"అందులో లేకపోతే పోనీయండి సార్. నాలో ఉంది కదా" అంది కాలరక్క.

మూడోసారి ఆమెను మనసు డాక్టరు దగ్గరకు పంపారు. ఇంట్లో గొడవలున్నాయా అని అడిగాడాయన. "అత్తగారుంది సార్" అంటే గబగబా రాసుకున్నాడు.

ఆ అత్తగారి వైద్యం వేరు. "మా కాలంలో ఇద్దరు పిల్లల్ని చంకనెత్తుకుని బిందెలు మోశాం. మాకు మెడలు లేవా?" అనేది. మళ్ళీ ఆవిడే, కోడలు బకెట్టు ఎత్తబోతే లాక్కుని, "నువ్వు ఎత్తావంటే ఇల్లంతా మూలుగే, పో అవతలికి" అని తనే మోసేది.

ఫ్యాక్టరీ దవాఖానా రిజిస్టరులో మూడు గడులుండేవి. జ్వరం, గాయం, ఇతర అసౌకర్యం. నొప్పికి గడి లేదు. నొప్పి అని రాస్తే ఎక్కడిదని అడుగుతారు, ఎందుకని అడుగుతారు. అసౌకర్యాన్ని ఎవరూ ఏమీ అడగరు. అందుకని కాలరక్క నొప్పి ఏడేళ్ళుగా అసౌకర్యం గడిలోనే కాపురం ఉంది.

ఇలా ఉండగా, ఆ చొక్కాలు కొనే విదేశీ కంపెనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మీ కార్మికుల ఆరోగ్యానికి ఏం చేస్తున్నారో సాక్ష్యాలతో చూపించండి అని. మేనేజరు రెండు రోజులు ఆలోచించాడు. స్టూళ్ళు తీసి కుర్చీలు వేయొచ్చు. కానీ కుర్చీలు వేస్తే బల్లలు లేపాలి, బల్లలు లేపితే కరెంటు వైర్లు మార్చాలి, ఇంత చేసినా ఫొటోలో కుర్చీ కుర్చీలాగే ఉంటుంది. అదే, ఒక కుట్టుపని మనిషి విమానం మెట్లు ఎక్కుతున్న ఫొటో అయితే? సంక్షేమం అంటే అలా కనబడాలి! రిజిస్టరు తెరిచి, అసౌకర్యం గడిలో ఎక్కువసార్లు కనబడ్డ పేరు వెతికారు. అలా కాలరక్క మెడకు విదేశీ యోగం పట్టింది.

"మెడ నొప్పికి సముద్రం దాటించడమేంటే! రేపు తలనొప్పి వస్తే చంద్రుడి మీదకు పంపుతారా?" అంది అత్తగారు.

బయల్దేరే ముందురోజు లైను సూపర్‌వైజరు మిషను దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "చూడక్కా, నీ మంచికే చెప్తున్నా. అక్కడ నీకేమీ లేదని తేలిందనుకో, ఇన్నాళ్ళూ సాకులు చెప్పావని ఇంటికి పంపిస్తారు. జబ్బుందని తేలిందనుకో, జబ్బుమనిషి మిషను మీద కూర్చోకూడదని ఇంటికి పంపిస్తారు."

"మరి నేనేం తేల్చుకు రావాలి తమ్ముడూ?"

"అదే నాకూ తెలీదు" అన్నాడతను నిజాయితీగా.

ఆ రాత్రి ఆమె తనంతట తానే తేల్చుకుంది. తప్పు తన ఒంట్లో కాదు, ఆ స్టూల్లో ఉందని ఎవరో ఒక పెద్ద డాక్టరు కాగితం మీద రాయాలి. కుర్చీ వేస్తే తను పని చేయగలదని రాయాలి. అది రాయించుకు రాకపోతే పందొమ్మిదేళ్ళ ఉద్యోగం గోవిందా.

తోడుగా ఫ్యాక్టరీ సంక్షేమాధికారి బయల్దేరాడు. ఆ దేశంలో రెండేళ్ళు చదువుకున్నవాడు కాబట్టి మాట మార్చి చెప్పే పని కూడా ఆయనదే. అక్కడి భాష బాగా వచ్చు. తెలుగే కాస్త అనుమానం. సర్క్యులర్లు రాసీ రాసీ ఆయన నోట్లో తెలుగు కూడా సర్క్యులరులాగే అయిపోయింది. ఆకలేస్తోందా అని అడగడానికి "ఆహార ఆవశ్యకత ఏమైనా ఉన్నదా?" అనేవాడు.

విమానంలో కాలరక్క తొమ్మిది గంటలు మెడ వెనక్కి ఆన్చి కూర్చుంది. దిగుతూ, "సారూ, సగం నొప్పి తగ్గినట్టుందండీ" అంది.

ఆయన అదిరిపడ్డాడు. "ఆ మాట అక్కడ అనకమ్మా! చికిత్సకు పూర్వమే ఉపశమనమైతే మనం వచ్చిన ప్రయోజనం ఏమిటి?"

ఆసుపత్రి అద్దాల మేడ. డాక్టరు నెమ్మదస్తుడు, తొందరపెట్టే రకం కాదు. నొప్పి ఎలా ఉంటుందో నీ మాటల్లో చెప్పమన్నాడు. ఏడేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. కాలరక్క నీళ్ళు తాగి, పొల్లుపోకుండా చెప్పింది: "పొద్దున్నే మెడలో పోటు. మధ్యాహ్నానికి భుజం సలుపు. సాయంత్రమయ్యేసరికి చెయ్యంతా ఒకటే తీపులు. ఆ తీపులే భరించలేను సారూ."

అధికారి గారు ఒక్క క్షణం తడబడి, టై సర్దుకుని ఏదో చెప్పాడు. డాక్టరు కనుబొమలు పైకి లేచాయి. మళ్ళీ అడిగాడు. ఈయన మళ్ళీ అదే చెప్పాడు.

ఆ మధ్యాహ్నం నుంచి మొదలైంది. పొద్దున వేలికి సూది గుచ్చారు, తిన్నాక గుచ్చారు, తినకుండా గుచ్చారు. మూడు రోజులు ఆమె మెడ జోలికి ఎవరూ రాలేదు. "సారూ, నొప్పి పైనుంటే కింద గుచ్చుతారేంటి?" అని అడిగితే, "ఇక్కడి వైద్యం సమగ్రమైనది" అన్నాడు అధికారి.

నాలుగో రోజు గది తుడవడానికి ఒక పెద్దావిడ వచ్చింది. మంచం కింద తుడుస్తూ, కాలరక్క "అమ్మా" అని మూలగడం విని, ఒక చేయి నడుం మీద వేసుకుని, కర్ర ఊతంగా లేచి నిలబడింది.

"ఏమ్మాయ్, మనవాళ్ళేనా? షుగరు ఎన్నేళ్ళ నుంచి?"

ఆ దేశంలో తెలుగు మాట చెవిన పడేసరికి కాలరక్కకు ప్రాణం లేచొచ్చింది. "నాకు షుగరెక్కడిది పెద్దమ్మా? మెడ నొప్పికొచ్చాను."

"మరి ఈ అట్ట మీద ఇలా రాశారేంటి?" పెద్దమ్మ మంచానికి తగిలించిన అట్టను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, కూడబలుక్కుంటూ తెలుగులో చదివింది. "ఉదయం పూట ఈమె మెడలోకి సముద్రపు పోటు వచ్చును. సాయంకాలం చేయి మొత్తం... ఓరి నాయనో... చేయి మొత్తం తియ్యగా ఉండును. ఆ తియ్యదనం ఈమె తట్టుకోలేదు."

తీపులు ఎలా తియ్యనయ్యాయో అర్థమై ఇద్దరూ నవ్వారు. మెడ పట్టేసినా ఆపుకోలేక నవ్వింది కాలరక్క. పెద్దమ్మ అట్ట చివరి వరస చదివాక మాత్రం నవ్వు ఆగిపోయింది. "షుగరు లేదు. బహుశా భ్రమ కావచ్చు. రేపు చివరిసారి చూసి పంపివేయవచ్చు."

"భ్రమని రాసిస్తే నా ఉద్యోగం పోతుంది పెద్దమ్మా."

"రేపు ఎన్నింటికి?"

"పదింటికి."

"ఆ గది తుడిచేదీ నేనేలే."

మర్నాడు పదింటికి డాక్టరు కలం తీశాడో లేదో, మూలన తుడుస్తున్న పెద్దమ్మ ఆ దేశపు భాషలో, ఆమె చెప్పింది అది కాదని గట్టిగా అంది. అధికారి ముఖం మాడిపోయింది.

"ఏమమ్మా, అనువాదం చేయుటకు అర్హత ఉండాలి!"

"నొప్పిలో నాది ఇరవై ఏళ్ళ సర్వీసు బాబూ. నీదెంత?"

డాక్టరు ఆవిణ్ణి చెప్పమని సైగ చేశాడు. పెద్దమ్మ తుడిచే కర్ర గోడకు ఆనించి, కాలరక్క ఒక్కో మాటా అంటుంటే, ఆ మాటకు తగ్గట్టు చేతులతో చూపిస్తూ చెప్పింది. పోటంటే సూది గుచ్చి తిప్పినట్టు. సలుపంటే లోపల ఎవరో ఆగకుండా తలుపు బాదుతున్నట్టు. తీపులంటే తడిగుడ్డను పిండుతూ పిండుతూ వదలనట్టు. పక్కన బకెట్టులో గుడ్డ తీసి నిజంగానే పిండింది. నీళ్ళు డాక్టరు బూట్ల మీద పడ్డాయి. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

"నువ్వు ఏ పని చేస్తావని అడుగుతున్నాడు" అంది పెద్దమ్మ.

కాలరక్క డాక్టరు కూర్చునే గుండ్రటి స్టూలు ముందుకు లాక్కుని, దాని మీద కూర్చుని, మెడ వంచి, లేని మిషను మీద లేని కాలరు కుట్టడం మొదలుపెట్టింది. ఒకటి అయ్యాక రెండోది. డాక్టరు వెనక నుంచి భుజం కింద ఒకచోట వేలితో నొక్కాడు. ఆమె కెవ్వుమంది. "రోజుకు ఎన్ని గంటలు ఇలా?" అని అడిగాడాయన. విని, అట్ట మీద రాసిందంతా అడ్డంగా కొట్టేశాడు.

జబ్బుకు పేరు పెట్టాడు. ఆ పేరు ఎంత పొడుగుందంటే, కాలరక్క దాన్ని రెండు మడతలు పెట్టి గుర్తుంచుకోవలసి వచ్చింది. దాని కింద నాలుగు వరసలు రాసి, ఫ్యాక్టరీకి ఒకటీ, చొక్కాలు కొనే కంపెనీకి ఒకటీ పంపమన్నాడు. ఆమెకూ ఒకటి ఇచ్చాడు. పెద్దమ్మ ఆ నాలుగు వరసలూ చదివి వినిపించి, ఆమె నోటికి వచ్చేదాకా ఒప్పజెప్పించింది.

"మరి నీ నడుం సంగతి అడగలేదా పెద్దమ్మా?"

"అడిగా. చీటీ రాయించుకు రమ్మన్నాడు. మాలాంటివాళ్ళకి ఇక్కడ చీటీ దొరకాలంటే ఏడు నెలలు. ఈలోగా తుడుస్తూ ఉంటా" అని, బకెట్టు తీసుకుని తర్వాతి గదిలోకి వెళ్ళిపోయింది.

ఫ్యాక్టరీ గేటు మీద విమానం మెట్ల ఫొటో కట్టారు. ఆమె తిరిగొచ్చిన మొదటి రోజే పని ఆపించి, లైనంతా నిలబెట్టి, సంక్షేమాధికారి చేత డాక్టరు ఉత్తరం చదివించారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "మొదటిది, రోగి మనోధైర్యంతో ఉండవలెను. రెండవది, విశ్రాంతి సమయంలో సద్భావనలు..."

"సారూ, మొదటి వరస అది కాదండీ" అంది కాలరక్క.

ఆమె చేతులు కట్టుకుని, బడిపిల్ల పద్యం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. "ఒకటి, వీపు ఆనే కుర్చీ ఇవ్వాలి. రెండు, బల్ల నాలుగు వేళ్ళు లేపాలి. మూడు, గంటకోసారి లేచి అయిదు నిమిషాలు నిలబడాలి. నాలుగు, ఇది ఈ మనిషి జబ్బు కాదు, ఈ పని జబ్బు. ఇలా కూర్చునే వాళ్ళందరికీ వస్తుంది." ఆగి, "అవునా సారూ? కావాలంటే రెండో ప్రతి చొక్కాలు కొనే కంపెనీకి కూడా వెళ్ళింది, వాళ్ళనడగండి" అంది.

అధికారి కాగితం వంక చూశాడు, మేనేజరు వంక చూశాడు. చివరకు, "స్థూలంగా అంతే" అన్నాడు.

ఇక ఆమెను ఇంటికి పంపే దారి లేదు. వారం తిరక్కుండా కుర్చీ వచ్చింది. ఒక్క కుర్చీ. ఆమె బల్ల ఒక్కటే నాలుగు వేళ్ళు లేచింది. మిగతావాళ్ళకు కాగితం లేదు కదా అన్నాడు మేనేజరు. కాగితాలు కావాలంటే ఒక్కొక్కరినీ విమానం ఎక్కించాలి మరి!

పది రోజుల్లో నొప్పి సగానికి దిగింది. అడిగింది దక్కింది. కానీ పక్క మిషను మీద జేబులామె మునుపటిలా మాట్లాడడం లేదు. ఒకరోజు ఎదురు మిషను కాజాలామె భుజం నొక్కుకుంటూ, "అక్కా, ఆ పొడుగు పేరు ఇంకోసారి చెప్పవా? నాదీ అదేనేమో" అంది. కాలరక్కకు ఆ పూట కుర్చీ గుచ్చుకుంది.

మర్నాడు పని మొదలై గంట కాగానే ఆమె మిషను ఆపి, లేచి నిలబడింది.

"ఏంటక్కా?" అన్నాడు సూపర్‌వైజరు.

"మూడో వరస తమ్ముడూ. ఇన్నాళ్ళూ మర్చిపోయా."

అయిదు నిమిషాలు కాలర్లు కదల్లేదు. కాలరు రానిదే పై కాజా తీసేవాళ్ళకు పని లేదు, కాజా పడందే గుండీలకు పని లేదు, గుండీలు పడితే గానీ ఇస్త్రీకి పని లేదు. చేతులు ఖాళీ అయినవాళ్ళు ఒకరి వెనక ఒకరు స్టూళ్ళ మీద నుంచి లేచారు. జేబులామెకు ఎదురుగా పని కుప్పగా ఉంది. అయినా ఆమె కూడా లేచింది. ఆమెను చూసి మిగతావాళ్ళూ లేచారు.

"మీకెవరు చెప్పారు లేవమని? ఉత్తరం ఆమె ఒక్కదానికే కదా!" అని సూపర్‌వైజరు అరిచాడు.

"మాకు ఉత్తరాలు రావు బాబూ, నొప్పులే వస్తాయి" అంది జేబులామె. లైను పొడుగునా నవ్వులు పాకాయి.

మిషన్ల చప్పుడు ఆగిందని మేనేజరు పరుగున వచ్చాడు. ముప్పై రెండు మంది నడుం మీద చేతులు వేసుకుని, మెడలు వెనక్కి వంచి నిలబడి ఉన్నారు. హాలు మొత్తానికి ఉన్న ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది. పరుగెత్తుకొచ్చిన ఆయాసానికి ఆయన ఒక చేయి దాని మీద వేశాడు. కూర్చోబోయి, అంతమంది తననే చూస్తుండడం గమనించి, చేయి తీసేసి ఆయన కూడా నిలబడ్డాడు.