కాపీ లేని ఉత్తరం

ఆరేళ్లుగా ఒక ఉత్తరం నన్ను వదలడం లేదు. పేజీ కూడా నిండని ఉత్తరం. పోస్టు డబ్బాలో వేసేటప్పుడు చేతికి బరువే తెలియలేదు. ఆ తర్వాత దాన్ని దించుకోవడం మాత్రం చేతకాలేదు. ఇంట్లో చెప్పలేదు. తిరుమలకు నడిచి వెళ్లాను. మెట్లెక్కుతూ చెబుదామనుకున్నాను, వరుసలో నిలబడి చెబుదామనుకున్నాను. తీరా స్వామి ఎదుట నిలబడనిచ్చిన ఆ రెండు క్షణాల్లో గుర్తొచ్చింది నా పదోన్నతి ఫైలు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

చిత్తూరులో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. నా గురించి ఒక్క సంగతి తెలిస్తే చాలు. నేను మరచిపోను. ఒక వార్షికోత్సవం ఆహ్వానపత్రికలో నా పేరు నాకన్నా జూనియర్ పేరు కింద పడింది. ఒక సన్మానసభలో శాలువాలు నా దాకా వచ్చేసరికి అయిపోయాయి, నాకు తువ్వాలు కప్పారు. ఆ తువ్వాలు ఇప్పటికీ ఉంది, వాడలేదు. ఇలాంటివి జరిగినప్పుడల్లా ప్రిన్సిపాల్‌కు అర్జీ పెట్టాను. పెట్టిన ప్రతి అర్జీకీ ఒక కాపీ పచ్చ ఫైల్లో దాచుకున్నాను. స్టాఫ్‌రూములో దాన్ని సార్‌గారి పురాణం అంటారని తెలుసు. ఆ పేరు మొదట పెట్టిందెవరో కూడా తెలుసు.

ఆమె పేరు రాయను. కాలేజీలో అందరూ కంప్యూటర్ మేడం అనేవాళ్లం. ఊరు పాకాల. గెస్ట్ లెక్చరర్. అంటే టైంటేబుల్లో చాలినన్ని గంటలుంటే ఉద్యోగం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆమె గంటలు ఏటేటా తగ్గుతూ వచ్చాయి. అప్పుడే కాలేజీకి కొత్త కోర్సుల పని వచ్చింది. ఒకరు ఏర్పేడు వైపు జరిగే ఐదు రోజుల శిక్షణకు వెళ్లాలి. తిరిగొచ్చి మిగతా లెక్చరర్ల పక్కన కూర్చుని, కొత్తగా పుట్టుకొస్తున్న శాస్త్రాలను మా పాత పేపర్లలోకి ఎలా తేవాలో చూపించాలి. అర్థశాస్త్రంలో డేటా, చరిత్రలో కంప్యూటరు పటాలు, అలా. వాటిలో ఒక్క కోర్సుకు ఆమోదం దొరికినా ఆమె గంటలు నిలుస్తాయి. ప్రిన్సిపాల్ ఆమెను పంపారు. సీనియర్‌ని నేనున్నాను. అర్జీ పెట్టాను. ఆ కాపీ కూడా ఫైల్లో చేరింది.

శిక్షణ నుంచి వచ్చాక ఆమె ఒక్కొక్క విభాగానికీ తిరిగింది. చివరకు నా ల్యాబుకు వచ్చింది. ముభావంగా కూర్చున్నాను. ఆమె అవేమీ పట్టించుకోకుండా బీరువా తెరిపించింది. అందులో నేను ఇరవై రెండేళ్లుగా తోటలు తిరిగి ఏరి, ఎండబెట్టి, అట్టలకు కుట్టిన మామిడి ఆకులున్నాయి. బూడిద తెగులువి, మసి తెగులువి, ఏ తెగులో నాకూ తెలియనివి.

"ఇవన్నీ మీరే ఏరినారా సార్?"

"ఇంకెవరు ఏరతారు? ఈ కాలేజీలో ఆకు మొగం చూసేవాడు యాడుండాడు?"

"ట్రైనింగులో యాడ్నుంచో తెచ్చిన ఫోటోలు చూపించినారు సార్. మన తోతాపురి ఆకు వాళ్ల దగ్గర లేదు. వీటిని కంప్యూటరుకు నేర్పిద్దాం. ఆకు చూస్తానే తెగులు పేరు అదే చెప్తాది. అదే మనం పెట్టే కొత్త పాఠం."

నాలుగు మధ్యాహ్నాలు పనిచేశాం. ఆమె ఫోటోలు తీసేది, నేను తెగులు పేరు చెప్పేవాణ్ని. నా ఆకులను అంత జాగ్రత్తగా పట్టుకున్నవాళ్లను అంతకుముందు చూడలేదు. నాలుగో రోజున మాటల్లో అడిగాను, ఐదు రోజుల్లో ఇంత నేర్పించారా అని.

"ఐదు దినాలు యాడ సార్, మూడే పోయినా. మా నాయనకు గుండెనొప్పి వస్తే తిరుపతిలో చేర్చినాం. రెండు దినాలు ఆస్పత్రి వరండాలో కూర్చోని, వాళ్లిచ్చిన పని చేసి పంపించినా. మా అన్న ఒకటే తిట్లు, నాయన మంచంమీదుంటే నీకు ఆ కంప్యూటరు పెట్టె కావాల్నా అని. ట్రైనింగు వాళ్లు సరేనన్నారు. మన ఆఫీసులోనే చెప్పలేదు సార్. ఐదు దినాలూ డ్యూటీ అనే రాసుకున్నారు. ఎవరికీ చెప్పాకండి."

"నేనెందుకు చెప్తానమ్మా? నా ఫైల్లో చోటేడుండాది?"

ఇద్దరం నవ్వుకున్నాం.

రెండు వారాల తర్వాత స్టాఫ్ మీటింగులో కోర్సు ప్రతిపాదన చదివారు. రూపకల్పన అన్నచోట ఆమె పేరు. దాని కింద 'ఆకుల సేకరణ: వృక్షశాస్త్ర విభాగం'. అంతే. నా పేరు లేదు. వెనక వరుసలోంచి ఎవరో అన్నారు, "ఆకులకు చోటు దొరికిందప్పా, సార్‌కే దొరకలా!" అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్విందని అప్పుడు అనిపించింది. నిజంగా నవ్విందా? ఆరేళ్లుగా ఆ ముఖాన్ని గుర్తుచేసుకుంటున్నాను. తల వంచుకుని కాగితాలు సర్దుకుంటోంది. నవ్వు నేను అతికించిందేమో.

అడగొచ్చు కదా, నా పేరు ఎందుకు లేదని? ఎప్పటిలా అర్జీ పెట్టొచ్చు కదా? పెట్టలేదు. అర్జీ పెడితే పేరు చేరుస్తారు. నాకు ఆ రోజు పేరు అక్కర్లేదు, ఆమెకు దెబ్బ తగలాలి. ఆదివారం కూర్చుని ఇంగ్లీషులో టైపు చేశాను. శిక్షణకు మూడు రోజులే వెళ్లి ఐదు రోజుల డ్యూటీ వాడుకున్న వ్యక్తి తయారుచేసిన పాఠాన్ని ఎలా నమ్ముతారు అని. కొత్త కోర్సులకు ఆమోదమిచ్చే బోర్డుకు, యాజమాన్యానికి. కింద పేరు లేదు. ఆకాశరామన్న ఉత్తరం. నా జీవితంలో కాపీ తీసుకోకుండా రాసిన ఉత్తరం అదొక్కటే. చిత్తూరు పోస్టాఫీసు ముద్ర పడకూడదని బస్సెక్కి పాకాల వెళ్లి, రైల్వే స్టేషన్ దగ్గరి డబ్బాలో వేశాను. పాకాల ఆమె ఊరని నాకు తెలుసు. తెలిసే వెళ్లానా? దగ్గరలో అదే ఉంది కనుక వెళ్లానా? కాణిపాకం ఇంకా దగ్గర. ఈ ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడల్లా నా బుర్ర పక్కదారి పడుతుంది.

బోర్డు ఆ కోర్సును పక్కన పెట్టింది. ఆఫీసువాళ్లు ఆమెతో సంజాయిషీ రాయించుకున్నారు. ఆమె దాచలేదు, మూడు రోజులే వెళ్లానని రాసిచ్చింది. తర్వాతి ఏడాది టైంటేబుల్లో ఆమెకు గంటలు లేవు.

చివరి రోజు నా ఆకులు తిరిగివ్వడానికి వచ్చింది. ఒక్కొక్క అట్టనూ పాత పేపర్లో చుట్టి తెచ్చింది. టేబుల్ మీద పెట్టింది.

"కవరుమీద పాకాల ముద్ర ఉండాదంట సార్. ట్రైనింగు వాళ్లు కాకుండా ఈ సంగతి తెలిసింది ఇద్దరికే. మీకూ, మా అన్నకూ."

తర్వాతి మాట కోసం చూస్తున్నాను. ఆ మాట నా పేరే అయితే ఒప్పుకునేవాణ్ననే ఇవాళ్టికీ అనుకుంటాను. అనుకోవడానికేముంది.

"వాడే సార్. తోడబుట్టినోడు. ఆస్పత్రిలో తిట్టింది చాల్లేదు వాడికి."

"మీ అన్న అట్ల చేస్తాడా అమ్మా?" అని అడిగి ఉంటే చాలు. ఆ ఒక్క అనుమానం ఆమెకు ఇచ్చినా చాలు. నేనేమన్నానో తెలుసా?

"ఎవర్ని నమ్మేదమ్మా ఈ కాలంలో."

ఆమె కళ్లు తుడుచుకుంది. "మీరన్నా మంచిగా మాట్లాడినారు సార్" అని వెళ్లిపోయింది. ఉత్తరం కోపంలో రాశాను. ఈ మాట కోపంలో అనలేదు.

కొన్ని నెలల తర్వాత వేరే అర్జీ రాయడానికి పచ్చ ఫైలు తీశాను. శిక్షణ విషయంలో పెట్టిన అర్జీ కాపీ కంటపడింది. చివరి వాక్యం నా రాతే: 'సీనియారిటీని ఉపేక్షించినందుకు నిరసనగా, ఈ కొత్త కోర్సుల్లో దేనిలోనూ నా పేరు చేర్చరాదని మనవి.' ఆఫీసు ముద్రతో తిరిగొచ్చిన ఆ కాపీమీద ప్రిన్సిపాల్ ఎర్రసిరాతో రాశారు, కంప్యూటర్ మేడం గమనించవలెను అని. పక్కన ఆమె పొట్టి సంతకం. చేర్చరాదని నేనే రాశాను. ఆమె పాటించింది. నా ఆకులనైనా ఎక్కడో ఒకచోట నిలబెట్టాలని విభాగం పేరు వేసింది. ఎవరెప్పుడు నన్ను చిన్నచూపు చూశారో తేదీలతో చెప్పగలిగినవాణ్ని, నా చేత్తో రాసిన వాక్యాన్ని మరచిపోయాను.

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. రెండేళ్లకు ఆమె నాయన పోయాడు. కాలేజీవాళ్లతో కలిసి పాకాల వెళ్లాను. సమాధి దగ్గర పాస్టరు ప్రార్థన చేస్తున్నాడు. అన్న ఒక పక్క, చెల్లెలు ఒక పక్క. అందరూ పిడికెడు మట్టి వేస్తున్నారు. అన్న వేసి పక్కకు తొలగేదాకా ఆమె ముందుకు రాలేదు. బయటికి వస్తుంటే ఆమె అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. అరటిపళ్ల మండీలో పనిచేసే మనిషి, అరచెయ్యి గరుగ్గా ఉంది.

"సార్, మా చెల్లికి మీరంటే గురి. మీరన్నా చెప్పండి సార్. ఆ ఉత్తరం ఇంగ్లీషులో ఉండాదంట. నాకు ఇంగ్లీషులో నా పేరే రాయడం రాదు, నేనెట్ల రాస్తా? ఎవరితోనో రాయించినావంటాది. నాయన కూడా అదే అనుకుంటా పోయినాడు సార్."

"మాట్లాడతాలేప్పా" అన్నాను. మాట్లాడలేదు. మూడుసార్లు పాకాల బస్సెక్కాను. రెండుసార్లు స్టాండులోనే తిరుగు బస్సు చూసుకున్నాను. మూడోసారి ఆమె పాఠాలు చెప్పే ప్రైవేటు బడి గేటు దాకా వెళ్లాను. లోపల్నుంచి ఆమె గొంతు వినబడింది, పిల్లలకు ఎక్కం చెప్పిస్తోంది. ఎక్కం అయిపోయేదాకా నిలబడి వచ్చేశాను.

ఇప్పుడు కొత్త కోర్సులు తప్పనిసరి అయ్యాయి. ఆమె పాఠమే, పేరు మార్చి, మా కాలేజీలో నడుస్తోంది. బాధ్యుణ్ని నేను. ఆకులు నావి కనుక నాకే ఇచ్చారు. ఈసారి కాగితం మీద నా పేరు మొదటే ఉంది. ఇతర లెక్చరర్లకు కొత్త శాస్త్రాలు ఎలా తేవాలో చెప్పమంటారు. ఆమె తయారుచేసిన పేజీలు ఒక్కొక్కటీ చూపించి, ఆమె రాసిపెట్టిన వాక్యాలు చదువుతాను. చప్పట్లు కొడతారు. మొన్న ఒక విద్యార్థిని అడిగింది, బూడిద తెగులు ఆకును కంప్యూటరు మసి తెగులంటోంది, ఎందుకు సార్ అని. నాకు తెలియదు. దిద్దడం రాదు. దిద్దగలిగిన మనిషి ఎక్కడుందో తెలుసు. వచ్చే వారం చూద్దామన్నాను. ప్రతి వారం అదే అంటున్నాను.

దీన్ని చదివి మీరు నన్ను ఏమీ అనక్కర్లేదు. క్షమించమని అడగడానికి మీరు ఆమె కాదు, ఆమె అన్న కాదు. ఆ నాయన లేడు. ఇక్కడ కూడా నా పేరు రాయలేకపోతున్నానని మీరు గమనించే ఉంటారు. కానీ పాకాల ముద్ర మార్చలేదు. ఆకులు మార్చలేదు. మూడు రోజులు, ఐదు రోజులు, మండీ, ఏదీ మార్చలేదు. ఆమె చదివితే గుర్తుపడుతుంది. ఆమె చదవాలనే రాస్తున్నానో, చదవదన్న ధైర్యంతో రాస్తున్నానో నాకు తెలియదు.

అమ్మా, మీ అన్న రాయలేదు. నేను రాశాను.

ఈ కాగితాలకు ఒక కాపీ తీశాను. పచ్చ ఫైల్లో, ఆ ఏడాది అర్జీల మధ్య, ఆ ఉత్తరం కాపీ ఉండాల్సిన చోట పెట్టాను.